గేరుకూ పుప్పి పళ్లు

మొన్న ఆదివారం నా పాత కారుకి గేరాయిలు మార్పించడానికి వెళ్లా. మెకానిక్ అడుగున ఉన్న బోల్టు విప్పి నా అరచేతిలో పెట్టాడు. దాని కొసన చిన్న అయస్కాంతం, దాని నిండా నల్లటి బురద. వేళ్లతో నలిపితే వెండి మెరుపు! 'గేరు అరిగిన పొడి సార్. ఇది మామూలే. రవ్వలుంటేనే భయం' అన్నాడు.

పొడికీ రవ్వకీ తేడా ఏమిటి? గేరు పళ్లు ఒకదానిమీద ఒకటి కేవలం రాసుకోవు. పన్ను ఎత్తులో దాదాపు నడిమి గీత దగ్గర దొర్లుతాయి, దానికి పైనా కిందా జారుతాయి. రెండింటి మధ్య ఉండే ఆయిలు పొర తల వెంట్రుక మందంలో వందోవంతు కూడా ఉండదు. అందులో దుమ్ము పడిందా.. గీతలే గీతలు. వేడికి ఆ పొర తెగితే ఇనుమూ ఇనుమూ క్షణంపాటు అతుక్కుని, చర్మం ఊడినట్లు ఊడొస్తాయి. గేరాయిలుకి ఉండే ఘాటు వాసన గంధకానిది. ఆ అతుకు పడకుండా పన్నుమీద పూత కట్టేది అదే!

అన్నీ బాగున్నా ముప్పు తప్పదు. పన్ను మీద పన్ను నొక్కినప్పుడు ఒత్తిడి ఎక్కువగా పడేది పైన కాదు, చర్మం కింద. లక్షలసార్లు నొక్కాక సన్నని పగులు పుడుతుంది. అది పైకి తేలితే ఆయిలు దూరి దాన్ని ఇంకా చీలుస్తుంది. ఓ రవ్వ లేచిపోయి గుంట పడుతుంది. అచ్చం మన పుప్పి పన్నే! ఇక పంటి మొదట్లో పగులొస్తే మరీ ప్రమాదం. తీగని అటూ ఇటూ వంచితే తెగినట్లు పన్నే విరిగి మిగతా పళ్ల మధ్య పడుతుంది.

ఇంజినీర్లకో చిట్కా ఉంది. 20 పళ్ల చక్రానికి 40 పళ్లది జత చేయకుండా 41 పళ్లది పెడతారు. అప్పుడు చిన్న చక్రంలోని ఒక పన్ను, పెద్దదానిలోని అదే పన్నుని 41 చుట్లకోసారి గానీ కలవదు. ఒక పంటి లోపం ఒకే పంటిని పీడించదన్నమాట.

చమురు వేదికల నుంచి సిబ్బందిని తెచ్చే సూపర్ ప్యూమా హెలికాప్టర్లలోనూ ఇలాంటి అయస్కాంతాలే ఉండేవి. 2009 మార్చి 25న స్కాట్లాండ్‌లో ఒకదాని అయస్కాంతానికి ఓ రవ్వ దొరికింది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 1న, గేర్‌బాక్సు పగిలి అది ఉత్తర సముద్రంలో కూలింది. 16 మంది పోయారు. 2016 ఏప్రిల్ 29న నార్వేలో అదే కుటుంబానికి చెందిన మరో హెలికాప్టర్‌కి గాల్లోనే పైరెక్కలు ఊడిపోయాయి. 13 మంది.. ఒక్కరూ మిగల్లేదు. రెండుసార్లూ తెగింది ఒకేచోట ఉండే గేరు. నార్వే నిపుణుల 2018 నివేదిక ప్రకారం పగులు కంటికి ఆనని గుంటలో మొదలై, పైకి రాకుండా లోహం లోపలే పాకింది. అయస్కాంతం హెచ్చరించలేదు, ప్రకంపనలు పసిగట్టే పరికరాలకీ చిక్కలేదు.

'పొడి, రవ్వ.. ఏదీ లేకపోతే గేరు బాగున్నట్లేనా?' అని మెకానిక్‌ని అడిగా. బోల్టు తుడిచి బిగిస్తూ కాసేపు ఆలోచించాడు. 'చప్పుడు వినాలి సార్' అని ఇంజిన్ స్టార్ట్ చేశాడు.