తూము తెరిచినోళ్ల పేరు లేని చరిత్ర మాకొద్దు

పటాన్‌చెరు చరిత్ర చెప్పమని ఎవరినడిగినా మూడు ముక్కల్లో ముగిస్తరు. మొదటి ముక్క రాజులది. వెయ్యేండ్ల కింద కల్యాణి చాళుక్య రాజు జయసింహుడు ఇక్కడి నుంచి ఏలిండని, అప్పుడు దీని పేరు పొట్టలకెరె అని, జైనులకు ఇది పెద్ద కేంద్రమని చెప్తరు. రెండో ముక్క ఇక్రిశాట్‌ది. మూడో ముక్క ఇందిరాగాంధీది. 1980లో ఆమె మెదక్ నుంచి గెలిచింది, కంపెనీలొచ్చినయి, ఊరు బాగుపడ్డది. అంతే, చరిత్ర ఖతం.

మేం అడుగుతున్నం. ఈ మూడు ముక్కల్లో మాలవాడ ఏది? మాదిగవాడ ఏది? వెయ్యేండ్లు ఈ ఊర్లను మోసినోళ్లు ఏ పేజీలో ఉన్నరు?

పొట్టలకెరెలో 'కెరె' అన్నా, పటాన్‌చెరులో 'చెరు' అన్నా ఒకటే మాట. చెరువు. రాజులు మారినా, భాష మారినా ఊరి పేరులో నుంచి చెరువు పోలేదు. ఎందుకంటే ఊరిని బతికించింది రాజు కాదు, చెరువు. మరి చెరువును బతికించిందెవరు? అర్ధరాత్రి వానలో కట్ట మీద కావలి ఉన్నదెవరు? బుంగ పడితే మట్టిగంప ఎత్తిందెవరు? తూములోకి మునిగి నీళ్లు వదిలి, ఏ మడికి ఎంత పారాల్నో చూసిందెవరు? నీరటోళ్లు. మన తెలంగాణ ఊర్లల్ల ఎక్కువగా మాల మాదిగ ఇండ్లకెళ్లి వచ్చినోళ్లు. బావుల కాడ మోట బొక్కెన తోలు ఎవరిది? తొండం కుట్టిందెవరు? మాదిగ చెయ్యి ఆగితే మోట ఆగేది. మోట ఆగితే దొర పొలం ఎండేది.

ఇంత చేసినోళ్లకు దక్కిందేమిటి? నీళ్లు పారించినోనికి ఆ నీళ్లు ముట్టే హక్కు లేదు. బావి గడ్డకు దూరంగా కుండ పట్టుకొని, ఎవరైనా దయదలిచి పోస్తరేమోనని నిలబడాలె. నీళ్లను అదుపు చేసిన చెయ్యి, నీళ్లను మైలపరుస్తదట! ఈ దేశంలో తప్ప ఇంత సిగ్గులేని లెక్క ఎక్కడన్నా ఉంటదా?

బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది ఈ లెక్కను చెరిపేయడానికే. 1985 జులైలో కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ల చెరువును ఖరాబు చేయొద్దన్నందుకు, సువార్త బిందె ఎత్తి అడ్డం నిలిచినందుకు, 17వ తారీకున ఆరుగురు మాదిగలను వేటాడి చంపిండ్రు. దళితుల పోరాట చరిత్రంతా చెరువు గట్టు మీదనే నడిచింది.

ఇక మన దగ్గర ఏమైంది? చెరువు మీద హక్కు చట్టంలో రాసిండ్రు. ఆ హక్కు మన చేతికందే నాటికి చెరువు విషమైంది. బొల్లారం అసానికుంట, ఖాజీపల్లి చెరువు, గండిగూడెం, కిష్టారెడ్డిపేట నీళ్లు, నక్కవాగు పొడుగూతా ఉన్న పల్లెలు, ఏ పేరు ఎత్తినా ఇదే కథ. తాగొద్దన్న నాడు నీళ్లు మంచియి. తాగొచ్చన్న నాడు నీళ్లు తాగ పనికిరానియి.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు లేసినయి. వెనుకబడ్డ జిల్లా అని సబ్సిడీలిచ్చిండ్రు. వెనుకబడ్డది మేము, సబ్సిడీ వాళ్లకు! మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వాగుల మీదికి వదిలిన నీళ్లతో పంటలు మాడినయి, బర్లు చచ్చినయి, చేపలు తేలినయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడ్డది. అక్కడి నుంచి హైకోర్టుకు, హైకోర్టు నుంచి హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి, 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేండ్లు! కేసు పడ్డనాడు పుట్టిన పిల్ల, తీర్పు నాటికి తన పిల్లలను బడికి పంపుతున్నది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చేసిండ్రు. తొంబై దాకా మందుల కంపెనీల మురుగు వచ్చి చేరే ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, 'శుద్ధి' అయి బయటికొస్తున్న నీళ్లల్లో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఒక్క మందే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చిండ్రు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికంటే ఇది ఎక్కువ. మన దవాఖానల్లో మందుబిళ్లకు గతి లేదు, మన వాగుల్లో మందు పారుతున్నది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలే పటాన్‌చెరు – బొల్లారాన్ని దేశంలోని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది.

ఇక్కడ మమ్మల్ని ఒక మాటతో నోరు మూయిస్తరు. "కాలుష్యానికి కులం లేదు. రెడ్డి తాగినా అదే నీళ్లు, మాదిగ తాగినా అదే నీళ్లు. మీరు దీంట్ల కూడా కులం తెస్తరా?" అంటరు.

నిజమే, విషానికి కులం తెలువదు. కాని పరిహారానికి తెలుసు. నష్టం ఎట్ల లెక్కగట్టిండ్రు? ఎకరాలతో. ఎకరం ఉన్నోడు రైతు, నష్టపోయినోడు. ఆ ఎకరంలో నాటు వేసి, కలుపు తీసి, కోత కోసి బతికినామె ఏ లెక్కలో ఉంది? పంట పోతే పట్టాదారుకు పంట పోయింది. కూలామెకు బతుకే పోయింది. వాగులో చేపలు పట్టినోడు, గట్టు మీద బర్రెను మేపినోడు, రేవులో బట్టలుతికినోడు, వీళ్ల నష్టం ఏ ఎకరంలో కొలుస్తరు? కొలిచే కర్రనే భూమి ఉన్నోని చేతిలో పెట్టి, తర్వాత కులం లేదంటే ఎట్ల నమ్మాలె?

ఇంకో సంగతి. నీళ్లు చెడ్డ తర్వాత ఉన్నోడు ఏం చేసిండు? భూమి ప్లాట్లకింద అమ్ముకొని పట్నం పోయిండు. ఫిల్టరు నీళ్ల డబ్బా తెప్పించుకున్నడు. లేనోడు అక్కడే ఉన్నడు, ఆ బోరు కాడనే, ఆ వాసనలోనే. ఉరుకగలిగినోనికి, ఉరుకలేనోనికి నడుమ ఉన్న తేడా పేరే కులం.

పటాన్‌చెరు డాక్టర్ కిషన్ రావు లాంటి వాళ్లు ఏండ్లకేండ్లు ఈ విషం మీద కొట్లాడిండ్రు. ఆ కష్టాన్ని మేం తక్కువ చెయ్యం, మరవం. కాని ఆ పోరాటం కాగితాల మీద రైతు, పౌరుడు, పర్యావరణం అనే మాటలే కనపడుతయి. వాడ కనపడదు. అది వాళ్ల తప్పు అనం. మనం రాయకపోవడం మన తప్పు.

ఇక్రిశాట్ సంగతి చూడుండి. 1972లో అది పెట్టేటందుకు మన్మూల్, కాచిరెడ్డిపల్లి ఊర్లు లేచిపోయినయి. ఇక్రిశాట్ మీద మాకు పగ లేదు. జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి మీద అక్కడ పని జరుగుతది. అవి మెట్ట పంటలు, పేదోళ్ల తిండి. జొన్న గటక తిన్నందుకు మనల్ని చూసి నవ్వినోళ్లు ఇప్పుడు 'మిల్లెట్లు' అని డబ్బాలల్ల కొనుక్కొని తింటున్నరు, అది వేరే కథ. మేం చెప్పేదొక్కటే. అక్కడి చల్లటి గదుల్లో లక్షకు పైగా విత్తన నమూనాలున్నయి. ప్రతి నమూనాకు ఒక నంబరు, అది ఏ దేశం నుంచి వచ్చిందో రాత. విత్తనానికి ఇంత చరిత్ర రాసిన చోట, లేచిపోయిన ఊర్ల వాడల చరిత్ర ఎవరు రాసిండ్రు? ఎవరి గుడిసె ఎక్కడుండె, ఎవరి బొందలగడ్డ ఎక్కడుండె? 2022 ఫిబ్రవరి 5న ప్రధాని వచ్చి ఇక్రిశాట్ యాభై ఏండ్ల పండుగ చేసి, అదే రోజు ముచ్చింతల్‌లో రామానుజుని 'సమతా విగ్రహం' ఆవిష్కరించిండు. సమత పంచలోహ విగ్రహం అయింది. సమత అడిగే మనుషులు మాత్రం రికార్డులో లేరు.

సంగారెడ్డిలో ఇంకో వింత. 1796 నాటి పాత జైలును 2016లో మ్యూజియం చేసిండ్రు. అప్పుడు 500 రూపాయలు కడితే ఒక రోజు ఖైదీ బట్టలిచ్చి, జైలు కూడు పెట్టి, గదిలో ఉంచిండ్రు. సరదాకు జైలు! మేకను దొంగిలిండని, దొరకు ఎదురు తిరిగిండని మనోళ్లను పైసా లేకుండనే లోపలేసిన కాలం ఒకటుండె. ఆ గోడల మధ్య ఎవరు మగ్గిండ్రో ఆ కులాల లెక్క ఒక బోర్డు మీద రాసి పెట్టుండి. అప్పుడు చూడవచ్చినోనికి నిజంగా చరిత్ర తెలుస్తది.

"కంపెనీలొస్తే కులం పోతది" అని కూడా చెప్పిండ్రు. పోయిందా? పెర్మినెంటు ఎవరు, కాంట్రాక్టు ఎవరు? ఆఫీసులో ఎవరు, రియాక్టరు కాడ ఎవరు? ట్యాంకులోకి దిగి కడిగేదెవరు? పోయి గేటు కాడ నిలబడి చూడుండి. 2024 ఏప్రిల్ 3న హత్నూర మండలం చందాపూర్‌లో ఒక రసాయనాల ఫ్యాక్టరీ పేలి మనుషులు చచ్చిపోయిండ్రు. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలబై మందికి పైగా కార్మికులు కాలిపోయిండ్రు. లోపల అసలు ఎందరున్నరో తేలేటందుకే రోజులు పట్టింది. డీఎన్ఏ పరీక్షలు చేసి శవాలను గుర్తుపట్టాల్సి వచ్చింది. ఎనిమిది మంది ఆనవాలే దొరకలేదు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన వాళ్లు వాళ్లల్ల ఎందరో. వాళ్ల భాష మనది కాదు, బతుకు మనదే. భూమి లేకనే వచ్చిండ్రు. వాళ్లను 'బయటోళ్లు' అన్నోని మాట నమ్మకుండి. మొన్నటిదాకా మనల్ని 'ఊరవతలోళ్లు' అన్నది కూడా వాడే.

రాజు ఏ ఏడు గద్దెనెక్కిండో వెయ్యేండ్ల తర్వాత కూడా చెప్పగలుగుతున్నరు. నిన్నటి షిఫ్టులో ఎందరున్నరో చెప్పలేకపోతున్నరు. చరిత్ర లేకపోవడమంటే ఇదే. చరిత్ర అంటే పాత ముచ్చట కాదు, లెక్కలో ఉండడం. లెక్కలో లేనోనికి పరిహారం లేదు, పట్టా లేదు, సమాధి కూడా లేదు.

"మీకు చరిత్ర రాసుకునే అలవాటు లేదు" అని చదువుకున్న పెద్దమనుషులు అంటుంటరు. అబద్ధం. డక్కలోళ్లు జాంబపురాణం చెప్పి మాదిగల పుట్టుక పాడిండ్రు. చిందోళ్లు ఆటగట్టి ఊరూరా చూపిండ్రు. ఇదే హైదరాబాదు రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ, ఆయన తోటివాళ్లు కొట్లాడి 1931 జనాభా లెక్కల్లో 'ఆది హిందువులు' అని రాయించుకున్నరు. మన పేరు మనం రాయించుకోవడం మనకు కొత్త కాదు. మధ్యలో ఆపినం, మళ్లా మొదలుపెట్టాలె.

ఎట్ల మొదలుపెట్టాల్నో కార్యకర్తలకు సూటిగా చెప్తున్నం.

ఒకటి. ప్రతి వాడలో ఒక రిజిస్టరు పెట్టుండి. డెబ్బై దాటిన ముసలోళ్లను కూచోబెట్టి అడుగుండి. నీరటి ఇల్లు ఏది, వెట్టి ఎవరు చేసిండ్రు, ఏ బావి కాడ ఎవరు అడ్డుకున్నరు, కంపెనీలోకి మొదలు ఎవరు పోయిండ్రు, ఎవరు చచ్చిండ్రు, ఇంటికి ఎంత ఇచ్చిండ్రు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటలోనే రాయుండి. ఆడోళ్లను విడిగా అడుగుండి. నీళ్ల చరిత్ర మొగోళ్లకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు.

రెండు. భూమి కాగితాలు తీయుండి. సేత్వారు, 1954–55 ఖాస్రా పహాణీ, లావుణి పట్టా నకళ్లు తహసీలు ఆఫీసులో అడుగుండి. ఇయ్యకుంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండి. నీరటి ఇనాం చెక్క ఎవరి పేరు మీదికి ఎట్ల పోయిందో సర్వే నంబరుతో సహా రాసుకోండి. 1977 చట్టం ప్రకారం పేదలకిచ్చిన అసైన్డు భూమిని కొనడం చెల్లదు. మన తాత వేలిముద్ర వేసిన కాగితం చూసి భయపడకుండి.

మూడు. కంపెనీకి పోయే ప్రతి మనిషి గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, పీఎఫ్ నంబరు నకలు ఇంట్లో పెట్టాలె. ఏ కాంట్రాక్టరు కింద, ఏ షిఫ్టులో ఉన్నడో ఇంటామెకు తెలిసి ఉండాలె. పక్క గదిలో ఉండే ఒడియా తమ్మునికి, బీహారీ తమ్మునికి కూడా ఇదే చెప్పుండి. వాళ్ల ఇంటి ఫోన్ నంబరు మీ దగ్గర రాసుకోండి.

నాలుగు. పరిహారం ఎకరాల మీద కాదు, బతుకుల మీద లెక్కగట్టాలని గ్రామసభల్లో, వార్డు సభల్లో తీర్మానం పెట్టించుండి. చచ్చిన కార్మికుల పేర్లు గేటు ముందర రాయి మీద చెక్కాలని అడుగుండి.

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అన్నరు. మంచిదే. పిట్టలకు వారసత్వం ఉంది. కట్ట కట్టినోళ్ల పిల్లలకు కూడా ఉంది. దాన్ని ఎవరూ తెచ్చి మన చేతిలో పెట్టరు. తూము మన తాతలే తెరిచిండ్రు. చరిత్ర తూము కూడా మనమే తెరవాలె.

రాసిన రిజిస్టర్లను వాడ నడుమ, పదిమంది ముందర గట్టిగా చదివి వినిపించుండి. తప్పుంటే ముసలోళ్లే దిద్దుతరు.

జై భీమ్!