రెండు ఫైర్‌వాల్‌లు, ఒకే కాన్ఫిగరేషన్: లాభమెంత, ముప్పెంత?

బ్యాంకైనా ఆసుపత్రైనా, నెట్‌వర్క్ ఇంటర్నెట్‌కు తెరుచుకునే చోట ఒక్క ఫైర్‌వాల్ పెట్టి నిశ్చింతగా ఉండే పరిస్థితి లేదు. దాని పవర్ సప్లై కాలిపోతే సంస్థ మొత్తానికి బయటితో సంబంధం తెగిపోతుంది. అందుకే రెండో బాక్స్ కొంటారు. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ తర్వాతి ప్రశ్న దగ్గర మొదలవుతుంది: రెండూ ఒకే కాన్ఫిగరేషన్‌తో ఒకే పరికరంలా నడవాలా, దేని రూల్స్ దానికే ఉండాలా?

పంచుకోవడంలో మూడు అంచెలున్నాయి. మొదటిది చిరునామా. 1998లో వచ్చిన వీఆర్‌ఆర్‌పీ లాంటి ప్రొటోకాల్‌తో రెండు బాక్సులు ఒకే ఐపీని కాచుకుంటాయి. ఒకటి పడిపోతే రెండోది అందుకుంటుంది, ఇదే ఫెయిలోవర్. రెండో అంచె సెషన్లు. నడుస్తున్న కనెక్షన్ల పట్టికను జంట బాక్సుకు ఎప్పటికప్పుడు పంపకపోతే, ఫెయిలోవర్ సమయంలో అవి తెగిపోతాయి. మూడోది రూల్స్. ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మొదటి పనికి కార్ప్, రెండోదానికి పీఎఫ్‌సింక్ ఉన్నాయి. రూల్స్ ఫైల్ మాత్రం ఏ మెషిన్‌ది ఆ మెషిన్‌లోనే ఉంటుంది. రెండో చోటికి చేర్చే బాధ్యత అడ్మిన్‌ది. జూనిపర్ ఎస్‌ఆర్‌ఎక్స్ ఛాసిస్ క్లస్టర్‌ది ఇందుకు పూర్తి భిన్నమైన పద్ధతి: రెండు నోడ్‌లకూ కాన్ఫిగరేషన్ ఒక్కటే, కమిట్ (మార్పును అమల్లోకి తేవడం) కూడా ఒక్కటే. పీఎఫ్‌సెన్స్‌ది మధ్యేమార్గం. మొదటి బాక్సులోని ఏయే విభాగాలు రెండోదానికి సింక్ కావాలో అడ్మినే ఎంచుకోవచ్చు.

ఒకే కాన్ఫిగరేషన్ కావాలనేవారి వాదన గట్టిది. విడివిడి రూల్స్ మొదటి రోజు ఒకేలా ఉంటాయి, ఏడాది తిరిగేసరికి ఉండవు. పేమెంట్లు ఆగిపోయాయని అర్ధరాత్రి ఫోన్ వస్తే, ఇంజినీర్ నడుస్తున్న బాక్సులో ఒక పోర్ట్ తెరుస్తాడు. స్టాండ్‌బైలో తెరవడం మరిచిపోతాడు. స్టాండ్‌బై మీదుగా ట్రాఫిక్ వెళ్లదు కాబట్టి ఆ తేడా నెలల తరబడి ఎవరి కంటా పడదు. మొదటి బాక్స్ ఆగిన రోజున, అంటే అసలు అవసరం వచ్చిన రోజునే బయటపడుతుంది. తీసేయాల్సిన పాత రూల్ ఒకచోట మిగిలిపోవడం ఇంకా ప్రమాదం, ఫెయిలోవర్‌తో పాటే ఆ దారీ తెరుచుకుంటుంది.

అయితే మంచి రూల్ వెళ్లినంత వేగంగానే చెడ్డ రూలూ వెళ్తుంది. ఇక్కడ జరిగేది గొర్రెదాటు. వెబ్‌సైట్ల ముందు నిలిచి వాటిని కాచే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2019 జులై 2న తన వెబ్ అప్లికేషన్ ఫైర్‌వాల్‌కు కొత్త రూల్ ఒకటి పంపింది. అందులోని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సీపీయూను పూర్తిగా మింగేసింది. ప్రపంచవ్యాప్తంగా ఆ సంస్థ వెనకున్న సైట్లు దాదాపు 27 నిమిషాలు ఎర్రర్లు చూపాయి. ఆ సంస్థ తన సాఫ్ట్‌వేర్‌ను దశలవారీగానే విడుదల చేసేది. కొత్త దాడులను వెంటనే అడ్డుకోవాలి కాబట్టి ఫైర్‌వాల్ రూల్స్‌ను మాత్రం అన్నిచోట్లకూ ఒకేసారి పంపేది. ఆ వేగానికి కారణం సబబైనదే, దెబ్బకు దారీ అదే.

మిగతా ముప్పులూ చిన్నవి కావు. ఒకే వెర్షన్ నడిచే బాక్సుల్లో ఉండే లోపమూ ఒకటే. మొదటిదాన్ని కూల్చిన ప్యాకెట్ రెండోదాన్నీ కూల్చగలదు. బాక్సులు ఒకదాని ఉనికిని మరొకటి తెలుసుకునే హార్ట్‌బీట్ లింక్ తెగితే రెండూ తామే యాక్టివ్ అనుకుని ఒకే ఐపీ కోసం పోటీపడతాయి. రెండింటికీ లోడ్ పంచి, ఒక్కోటి 70 శాతం మీద నడిపితే, ఒకటి పోయిన రోజున మిగిలినదాని మీద 140 శాతం పడుతుంది. పైగా క్లస్టర్ బ్యాకప్ కాదు. ఒకచోట పొరపాటున చెరిపిన రూల్ రెండోచోటా చెరిగిపోతుంది.

రెండు వైపులా చూస్తే తేలేదేమిటంటే, రూల్స్ ఒకేలా ఉండటం వేరు, అవి ఒకే క్షణంలో మారడం వేరు. మొదటిది ఎప్పుడూ అవసరమే. రెండోదాన్ని దూరాన్ని బట్టి తేల్చుకోవాలి. ఒకే డేటా సెంటర్‌లోని జంట బాక్సులను కలిపేయడమే మంచిది. సెషన్ చేతులు మారినా నిలబడాలంటే రెండువైపులా రూల్స్ సరిపోలాలి. అక్కడ మనం కాచుకునేది ముఖ్యంగా హార్డ్‌వేర్ చెడిపోవడం నుంచి. హార్ట్‌బీట్‌కు వేర్వేరు దారుల్లో రెండు కేబుళ్లు వేస్తే, మార్పుకు ముందు కాన్ఫిగరేషన్ కాపీని బయటి సర్వర్‌లో దాచితే ముప్పు చాలావరకు తగ్గుతుంది.

మరో ఊళ్లోని డీఆర్ (డిజాస్టర్ రికవరీ) సైట్ సంగతి వేరు. దాన్నీ అదే క్లస్టర్‌లో కట్టేస్తే, ఒక్క తప్పు కమిట్‌తో అసలు సైట్‌తో పాటు ఆసరా కూడా పోతుంది. అక్కడికీ అవే రూల్స్ వెళ్లాలి, కానీ మొదటిచోట ఒక రోజు నిలదొక్కుకున్నాక వెళ్లాలి. అత్యవసరంగా ఒక దాడిని ఆపాల్సి వస్తే ఈ నియమాన్ని పక్కన పెట్టవచ్చు. ఆ నిర్ణయం ఒక మనిషి ఆలోచించి తీసుకోవాలి, సింక్ బటన్‌కు వదిలేయకూడదు.