నెల సెలవుల్లో అమ్మ కూర్చున్నదెప్పుడు?

సెమిస్టర్ పరీక్షలయ్యాక ఇంటికెళ్ళి, సంక్రాంతి చేసుకుని హాస్టల్‌కి తిరిగొచ్చిన రాత్రి, స్టోరేజ్ నిండిపోయిందని ఫోన్ గోల పెట్టింది. కొన్ని డిలీట్ చేద్దామని గ్యాలరీ తెరిచాను. నెల రోజుల్లో 640 ఫొటోలు! బురుజుపేట గుడి క్యూ, అరకు రైలు, ఏటికొప్పాక బొమ్మలు, భోగిమంట, చెల్లి వేసిన ముగ్గులు. నాన్న ఉన్నారు, చెల్లి ఉంది, బాబాయి పిల్లలున్నారు, నేనైతే చెప్పక్కర్లేదు. అమ్మ ఉన్నవి మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టాను. తొమ్మిది. అందులోనూ చాలావాటిలో ఆవిడ చేతిలో ఏదో ఒక సంచి ఉంది.

"ఈసారి సెలవులు భలే గడిచాయిరా" అని రూమ్మేట్స్‌కి చెప్పి అప్పటికి గంట కూడా కాలేదు. ఎవరికి భలే గడిచాయి? నా గొడవంతా దాని గురించే.

మాది వన్ టౌన్. కురుపాం మార్కెట్‌కి దగ్గర్లో, స్కూటీ, ఆవు ఎదురెదురుగా వస్తే ఏదో ఒకటి వెనక్కి తగ్గాల్సినంత ఇరుకు సందు. మార్గశిరం వచ్చిందంటే మా ఇంట్లో పండగ మొదలైనట్టే. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి ఆ నెల గురువారాలు ఎంత జనం వస్తారో విశాఖ వాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ఆ అమ్మవారికి పైన కప్పు ఉండదు, ఆకాశమే. ఎవరైనా వెళ్ళి స్వయంగా తమ చేత్తోనే పసుపు కుంకుమ పెట్టొచ్చు. బుధవారం అర్ధరాత్రి నుంచే క్యూ. గుడికి దగ్గర కాబట్టి చుట్టాలందరికీ మా ఇల్లే విడిది. చివరి గురువారం పదకొండుమంది దిగారు. దర్శనం చేసుకొచ్చి, తెల్లారుజామున ఎక్కడ చోటు దొరికితే అక్కడ పడుకున్నాం. లేచేసరికి వేడి వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి. పప్పు ఎవరు రుబ్బారు, ఎప్పుడు లేచారు అని ఒక్కరం అడగలేదు. ఇడ్లీలు వాటంతటవే ఉడుకుతాయన్నట్టు తినేశాం.

జనవరి మొదటి వారం అరకు ప్రయాణం. పొద్దున్నే కిరండూల్ రైలు. ఛత్తీస్‌గఢ్ గనుల్లోని ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకి తెచ్చి జపాన్‌కి పంపడం కోసం 1960ల్లో వేసిన లైను అది. ఇప్పుడు మన రీల్స్‌కి పనికొస్తోంది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా కేకలు, వెలుగు రాగానే పులిహోర పొట్లాలు. బొర్రా గుహల దగ్గర మెట్లు చూసి అమ్మ, "నా మోకాళ్ళు పట్టేస్తాయి, మీరెళ్ళి రండి. బ్యాగులు నేను చూసుకుంటాను" అంది. అక్కడ కోతుల బెడద కూడా ఎక్కువే. సరేనని మేం దిగిపోయాం.

పైకొచ్చేసరికి అమ్మ బెంచీ మీద బ్యాగులకి ఆనుకుని నిద్రపోతోంది. కోతుల్ని తోలడానికి ఎక్కడో ఏరుకున్న పుల్ల చేతిలో అలాగే ఉంది. అందరం నవ్వాం. నేను ఫొటో కూడా తీశాను. ఆ తొమ్మిదిలో అదొకటి.

ఇంటికొచ్చాక చెల్లి చెప్పింది. మోకాళ్ళ నొప్పి కాదట. ముందురోజు రాత్రి పన్నెండింటి దాకా పులిహోర, చపాతీలు చేసి, మళ్ళీ మూడున్నరకే లేచిందట. "ఎవరూ పిలవని చోట కాసేపు కూర్చోవాలనిపించిందే" అని చెల్లితో అందట. నెల మొత్తం మీద అమ్మ తీరిగ్గా కూర్చున్నది నాకు గుర్తున్నంత వరకు అక్కడే. అదీ బ్యాగులకి కాపలాగా.

ఆ ఆదివారం ఏటికొప్పాక వెళ్ళాం. వరాహ నది ఒడ్డున ఊరు. అక్కడొకాయన లాథ్ మీద అంకుడు కర్ర తిప్పుతూ రంగు లక్క నొక్కుతున్నారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు. రంగులు కూడా గింజల నుంచి, బెరళ్ళ నుంచి తీసినవే. మెకానికల్ వాళ్ళు ఒక్కసారైనా చూడాల్సిన పని అది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి కోసం కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగాయి. "లక్క ఎంత నొక్కాలో ఎలా తెలుస్తుందండీ?" అనడిగాను. "చేతికి తెలుస్తాది బాబూ" అన్నారాయన. "ఇదిరా కళంటే!" అన్నారు నాన్న. నిజమే.

కొలువులో పెట్టడానికి బొమ్మలు కొన్నాం. బాబాయి కొడుక్కి రైలు, కూతురికి లక్కపిడతలు. పొయ్యి, రోలు, గిన్నెలు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఎవరికి ఏది కొనాలో ఎవరం చర్చించుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకరికి డ్యూటీ ఇప్పుడే వేసేశామని నాకూ అప్పుడు తట్టలేదు.

రెండ్రోజులకి అరిసెలు. నేను వీడియో తీస్తూ పొయ్యి పక్కన నిలబడ్డాను. అమ్మ పాకం చుక్క నీళ్ళలో వేసి, వేలితో ఉండ చేసి చూస్తోంది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే అరిసె రాయి అవుతుంది, లేదా నూనెలో విడిపోతుంది. థర్మామీటర్ లేదు, టైమర్ లేదు. "ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాను. "చేతికి తెలుస్తుందిరా" అంది.

అదే మాట! కానీ ఆయన చేసింది కళ అన్నాం. డబ్బులిచ్చి, ఆయనతో సెల్ఫీ దిగి వచ్చాం. అమ్మకి మాత్రం "ఈసారి కొంచెం గట్టిగా వచ్చాయి" అని రివ్యూ ఇచ్చాం. ఇచ్చింది నేనే.

ఇది మా ఇంటి సంగతే కాదని చెప్పడానికి ఒక లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అంటే ఐదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గాయి. కానీ మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! కాబట్టి ఆ పది నిమిషాల భారం మనం మోశామని చెప్పుకోవడానికి లేదు. పైగా ఇది సగటు రోజు లెక్క. పదకొండుమంది చుట్టాలు దిగిన గురువారం లెక్క ఏ సర్వేకీ అందదు.

"అమ్మకి అదే ఇష్టం" అంటారు మీరు. మా నాన్న కూడా అదే అన్నారు. అమ్మనే అడిగితే ఆవిడా అదే అంటుంది. అబద్ధం కాదు. పదిమందికీ వండి పెడుతున్నప్పుడు ఆవిడ మొహంలో సంతోషం నేనూ చూశాను. నాకు కోడింగ్ ఇష్టం. అలాగని ప్రాజెక్ట్ మొత్తం నాతోనే చేయించి, టీమ్‌లో మిగతా నలుగురూ పేర్లు రాసుకుంటే ఊరుకుంటానా? రివ్యూ ముందురోజు రాత్రి అలాంటి టీమ్‌మేట్స్‌ని మనం ఏమని తిట్టుకుంటామో ఇక్కడ రాయలేను. ఇంట్లో మనం సరిగ్గా ఆ టీమ్‌మేట్సే.

అలాగని "అమ్మకి హెల్ప్ చేద్దాం" అనడం లేదు. హెల్ప్ అంటే పని ఆవిడదే, మనం దయతలిచి చెయ్యి వేస్తున్నామని అర్థం. ఉల్లిపాయలు తరిగి స్టేటస్ పెట్టుకోవడం కాదు. ఒక్క పని మొత్తంగా తీసుకోవాలి. అందులో ఆలోచించడం, సరుకులు చూసుకోవడం, గుర్తుపెట్టుకోవడం, చివర్లో గిన్నెలు కడగడం అన్నీ కలిపి. చెడగొడతాం, పర్లేదు. మొదటి ప్రోగ్రామ్ ఎవరికి ఎర్రర్ లేకుండా వచ్చింది? ఇంకోటి, ప్రయాణంలో బ్యాగుల దగ్గర వంతులు వేసుకోవాలి. మళ్ళీ బొర్రా వెళ్తే పుల్ల పట్టుకుని నేను కూర్చుంటాను. అమ్మ ఆ గుహల్ని ఇప్పటికీ నా ఫోన్‌లోనే చూసింది.

వేసవిలో మళ్ళీ చుట్టాలొస్తారు. "పొద్దున్న టిఫిన్ డ్యూటీ నాది" అని ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్ పెట్టాను. నాన్న నవ్వే ఎమోజీ పెట్టారు. బాబాయి "అయితే మేం హోటల్లో దిగుతాంలే" అన్నాడు. అమ్మ మాత్రం కాసేపాగి, "మినప్పప్పు ముందురోజు మధ్యాహ్నమే నానెయ్యాలి, మర్చిపోకు" అని పెట్టింది.

చూశారా, గుర్తుపెట్టుకునే పని ఇంకా ఆవిడ దగ్గరే ఉంది. ముందు దాన్ని తీసుకోవాలి.