కొండదారి కార్లదా, కాళ్లదా?

రోప్‌వే వస్తే కర్ణాటకలోని నందికొండ (నంది హిల్స్) మీద వాహనాల రద్దీ తగ్గుతుందట. 2023 మార్చిలో శంకుస్థాపన జరిగిన నాటి నుంచి ఇదే మాట వింటున్నాం. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, మాట మాత్రం మారలేదు. 2025 జూలై 2న మంత్రివర్గం మొత్తం అదే కొండ మీద కూర్చుంది. బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చాలని తీర్మానించింది. ఊరి పేరు తేల్చడానికి ఒక్క పూట చాలింది. కొండదారి ఎవరిదో తేల్చే ఉత్తర్వు కోసం మాత్రం చిక్కబళ్లాపురం జిల్లా ఇంకా ఎదురుచూస్తోంది.

మా మాట సూటిగా చెబుతున్నాం. రోప్‌వే మొదటి బండి కదిలిన రోజే ఘాట్‌రోడ్డు మీద సొంత కార్లు, మోటారు సైకిళ్లు ఆగిపోవాలి. ఆ దారిని నడిచేవాళ్లకు, సైకిలు తొక్కేవాళ్లకు, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్లకు అప్పగించాలి. ఈ షరతు లేకుండా రోప్‌వే రద్దీని తగ్గిస్తుందని చెప్పడం ప్రజలను మోసం చేయడమే.

రద్దీ తగ్గాలంటే ఇవాళ కారులో పోతున్నవాడు రేపు కారు దిగి రావాలి. ఎందుకు దిగుతాడు? ఘాట్‌రోడ్డు తెరిచే ఉంది, పైన కారు పెట్టుకునే చోటూ ఉంది. నలుగురున్న కుటుంబం నాలుగు టికెట్లు కొని, వరుసలో నిలబడి, తీగ మీద వేలాడుతూ పోవడం ఎందుకు? కారు లేనివాళ్లు, ఇంతవరకు రానివాళ్లు కొత్తగా వస్తారు. వాళ్లు రావడం మంచిదే. కానీ దాన్ని రద్దీ తగ్గడం అనరు. ఉన్నదానికి మరికొంత కలిసిందంటారు.

ఈ లెక్క తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. తిరుమలకు 1944లో మొదటి ఘాట్‌రోడ్డు పడింది. అది చాలక 1974లో రెండోది వేశారు. రెండు దారులయ్యాక కొండ మీద బండ్లు తగ్గాయా? కొత్త దారి వేస్తే కొత్త బండి వస్తుంది. పాత దారిని మూస్తేనే బండి ఆగుతుంది. ఇంజనీర్లకు ఇది తెలియదని మేం అనుకోం. తెలిసీ చెప్పడం లేదు కాబట్టే కోపం వస్తోంది.

డబ్బు లెక్క కూడా చూడండి. 2.93 కిలోమీటర్ల రోప్‌వేకి 93.40 కోట్ల రూపాయలని ప్రకటించారు. ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టేది. పెట్టిన సొమ్ము టికెట్ల మీదే తిరిగి రావాలి. అంటే జనం ఏటికేడు పెరగాలి, శని ఆదివారాలు కిక్కిరిసిపోవాలి. ఇటు వ్యాపారం జనం పెరగాలని కోరుతుంటే, అటు ప్రభుత్వం రద్దీ తగ్గుతుందని హామీ ఇస్తోంది. పైగా ఆ జనమంతా బెంగళూరు నుంచి అరవై కిలోమీటర్లు కార్లలోనే కదా వచ్చేది. అవి పైకి పోకపోతే కొండ కింద ఆగుతాయి. కొండ కింద ఖాళీ మైదానం లేదు, ఊళ్లున్నాయి. ద్రాక్షతోటలున్నాయి, తెల్లవారుజామున మార్కెట్టుకు పరుగెత్తే పూల బండ్లున్నాయి. ఘాట్ మీది రద్దీని తెచ్చి నంది గ్రామం వీధిలో పోసి, తగ్గించామని రాసుకుంటారా?

కార్లు ఆపడం అసాధ్యమనేవాళ్లు ఒకసారి వెనక్కి చూడాలి. 2021 ఆగస్టులో ఒక్క రాత్రి కురిసిన వానకు కొండచరియ జారి రోడ్డు తెగిపోయింది. డిసెంబరు దాకా పర్యాటకుల బండ్లు పైకి పోలేదు. 2025లో మార్చి 24 నుంచి ఏప్రిల్ 25 దాకా, రోడ్డు మరమ్మతుల కోసం సోమవారం నుంచి శుక్రవారం వరకు మూసి, శని ఆదివారాలు తెరిచారు. దారి పాడైనప్పుడు దాన్ని మూయడం మన అధికారులకు బాగానే వచ్చు. అదే దారిని మనుషుల కోసం మూయమంటే చేతులు రావడం లేదు.

కార్లు ఆపితే ముసలివాళ్లు, వికలాంగులు కొండ ఎలా ఎక్కుతారన్నది న్యాయమైన ప్రశ్న. రోప్‌వేతో పాటు గంటగంటకూ బ్యాటరీ బస్సు నడిపితే ఎక్కుతారు. కొండ కింద టీకొట్టు పెట్టుకున్నవాళ్ల బతుకు మాటేమిటన్నదీ న్యాయమే. బండ్లు ఊరి వీధుల్లో కాకుండా ఒక పద్ధతి ప్రకారం అక్కడ ఆగితే వాళ్లకు బేరం పెరుగుతుంది.

నిజానికి వికలాంగుల పేరు చెప్పి కార్లను సమర్థించడం కన్నా అన్యాయం లేదు. ఇవాళ నడిచేవాళ్లకున్న దారి సుల్తాన్‌పేట వైపు మెట్లు. వెయ్యికి పైగా ఉన్న ఆ మెట్ల మీద చక్రాల కుర్చీ పోదు, మోకాళ్లు అరిగిన తల్లి పోలేదు. మెలికలు తిరుగుతూ నెమ్మదిగా లేచే దారి ఘాట్‌రోడ్డొక్కటే. దాన్ని కార్లకిచ్చి, మెట్లను మనుషులకిచ్చాం. చక్రాల కుర్చీని కింది నుంచి పైదాకా తోసుకుపోవడం ఎవరివల్లా కాదు, నిజమే. కానీ బస్సులో పైకి పోయి, వాలు తక్కువున్న చోట ఒక కిలోమీటరు, దడి పక్కన, హారన్ మోత లేకుండా, పొగమంచులో తిరిగే హక్కు వాళ్లకు లేదా? 2016 వికలాంగుల హక్కుల చట్టం అందరికీ అందుబాటు ఉండాలంటోంది. కారున్న వికలాంగుడికి మాత్రమే అని అందులో లేదు.

మహారాష్ట్రలోని కొండ ఊరు మాథేరాన్‌లోకి పర్యాటకుల కార్లు పోవు, ఊరి బయట దస్తూరి దగ్గరే ఆగుతాయి. ఆ ఊరు చచ్చిపోలేదు, జనం వస్తూనే ఉన్నారు. మనవాళ్లు వేలమంది స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే డెవిల్స్ స్లైడ్ అని ఒక చోటుంది. సముద్రం అంచున కొండచరియలు విరిగిపడుతూ మాటిమాటికీ మూతపడిన రోడ్డది. 2013 మార్చిలో దానికి బదులు సొరంగ మార్గం తెరిచారు. పాత రోడ్డు మీద కార్లు ఆపేశారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, సుమారు రెండు కిలోమీటర్ల ఆ తారురోడ్డు నడకకు, సైకిళ్లకు, చక్రాల కుర్చీలకు తెరుచుకుంది. అక్కడ కొత్త మార్గం పాతదానికి బదులుగా వచ్చింది. ఇక్కడ పాతదాని పక్కన మరొకటిగా వస్తోంది. ఈ తేడాను కప్పిపుచ్చడానికే రద్దీ తగ్గుతుందన్న మాట పుట్టింది.

ఈ కొండను కాపాడుకోవాల్సింది నీళ్ల కోసం కూడా. పెన్న, చిత్రావతి, పాపాఘ్ని ఈ నంది కొండల వరసలోనే పుడతాయి. చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తికి, పాపాఘ్ని కడప సీమకు, పెన్న నెల్లూరు దాటి సముద్రానికి పోతాయి. ఆ నీటి మొదలు దగ్గర బండ్లు నిలపడానికి బండ చదును చేస్తామంటే చూస్తూ ఊరుకోలేం.

జిల్లా యంత్రాంగం, పర్యాటక శాఖ చేయాల్సినవి చెబుతున్నాం. రోప్‌వే ఒప్పందంలోనే ఘాట్‌రోడ్డు మూసే తేదీ రాయాలి. ఆంబులెన్సు, సిబ్బంది బండి, బ్యాటరీ బస్సు తప్ప మరేదీ పైకి పోదని ఉత్తర్వు ఇవ్వాలి. మంత్రుల కార్లకూ మినహాయింపు ఉండకూడదు. రోప్‌వే పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. విశాఖ బీచ్‌రోడ్డును రోజూ పొద్దున నడిచేవాళ్ల కోసం మూస్తున్నారు. వచ్చే ఆదివారం తెల్లవారుజామున నందికొండ గేటు దగ్గర కార్లను ఆపి, సైకిళ్లను వదలండి.