తలుపు పగలడానికి ముందు

బాన్సువాడలో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ‘సి.ఐ.డి.’ పేరు వినని వారు అరుదు. 1998 జనవరిలో సోనీ టీవీలో మొదలైన ఈ హిందీ నేరపరిశోధన ధారావాహిక ఇరవై ఏళ్లు సాగి 2018 అక్టోబరులో ఆగింది. 2024 డిసెంబరులో మళ్లీ ప్రారంభమైంది. తండ్రులు బాల్యంలో చూసిన ఏ.సి.పి. ప్రద్యుమన్, అభిజీత్, దయాలను నేడు వారి పిల్లలు సెల్‌ఫోన్లలో చూస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో ప్రద్యుమన్ మరణించినట్లు చూపినప్పుడు సొంత మనిషిని పోగొట్టుకున్నట్లు బాధపడిన అభిమానులు దేశమంతటా ఉన్నారు.

ఇషా నమాజు ముగిశాక టీ హోటళ్ల వద్ద యువకులు ఈ ఎపిసోడ్లను గురించి వాదించుకోవడం తరచూ వినబడుతుంది. “దయా ఆ తలుపు పగలగొట్టకపోతే అమ్మాయి బతికేదా?” అని ఒకరంటారు. “అభిజీత్ మెత్తగా అడిగితే వాడు చెప్పాడా? చెంప పగిలాక కదా నిజం కక్కాడు!” అని మరొకరంటారు. దీనిని ఉత్త కాలక్షేపమని కొట్టిపారేయలేము. ఒక పాత్ర చేసిన పనిని మెచ్చుకునే మనసు, అవకాశం వస్తే తానూ అదే చేయడానికి మెల్లగా సిద్ధపడుతుంది.

ఆ చెంపదెబ్బ మనకు న్యాయంగా తోచడానికి ఒక కారణం ఉంది. కథ రాసినవారికి దోషి ఎవరో ముందే తెలుసు. దెబ్బ సరిగ్గా ఆ దోషి చెంప మీదనే పడేటట్లు వారు ఏర్పాటు చేస్తారు. గంట గడిచేలోగా నేరం రుజువవుతుంది, చూసేవారి మనసు కుదుటపడుతుంది. మన జీవితంలో చేయి ఎత్తే క్షణాన ముగింపు ఎవరికీ తెలియదు. అప్పుడు మన దగ్గర ఉండేది అనుమానం మాత్రమే.

మొదట తలుపు సంగతి చూద్దాం. మన దేశ చట్టం తలుపు పగలగొట్టడానికి పోలీసులకు అనుమతి ఇస్తుంది గాని, షరతులతో ఇస్తుంది. నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 47వ సెక్షన్‌లోనూ, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 44వ సెక్షన్‌లోనూ ఆ షరతులు ఉన్నాయి. అరెస్టు చేయవలసిన వ్యక్తి లోపల ఉన్నాడని నమ్మడానికి కారణం ఉండాలి. తమ అధికారమేమిటో, వచ్చిన పనేమిటో తెలిపి లోపలికి రానివ్వమని అడగాలి. అయినా దారి దొరకనప్పుడే తలుపు పగలగొట్టాలి. లోపల నిందితురాలు కాని పరదా స్త్రీ ఉంటే, ఆమె వెళ్లిపోవచ్చని తెలియజేసి, అందుకు వీలు కల్పించిన పిదపనే ఆ గది తలుపు తెరవాలి.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి గ్రంథాలలో ఒక సంఘటన కనిపిస్తుంది. ఒక రాత్రి మదీనాలో గస్తీ తిరుగుతూ, ఒక ఇంట పాపకార్యం జరుగుతోందని అనుమానించి ఆయన గోడ ఎక్కి లోపలికి దిగారు. ఆ గృహస్థుడు, తాను చేసిన తప్పు ఒకటైతే ఖలీఫా చేసినవి మూడని విన్నవించుకున్నాడు: ఇతరుల రహస్యాలు వెదకడం, ఇంటికి ద్వారం గుండా రాకపోవడం, అనుమతి కోరకపోవడం. ఈ మూడింటి గురించీ దివ్య ఖుర్‌ఆన్‌లో ఆదేశాలున్నాయి. ఖలీఫా ఆ మాట అంగీకరించి వెనుదిరిగారు. లోపల తప్పు నిజంగానే జరుగుతోంది. అయినా ప్రవేశించిన పద్ధతి తప్పేనని ఆయన ఒప్పుకున్నారు.

ఇక దెబ్బ సంగతి. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితునిపై రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. నేటి భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఎవరినీ తమకు తామే వ్యతిరేకంగా సాక్ష్యమిచ్చేటట్లు నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం శాసిస్తోంది. బలవంతంగా పలికించిన ఒప్పుకోలు చెల్లదని ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితులలో అత్యధికులు నిర్ణయించారు. దెబ్బలు తినేవాడు సత్యాన్ని వెదకడు, దెబ్బలు ఆగే మాటను వెదుకుతాడు. ఆ మాట దొరకగానే దర్యాప్తు ఆగిపోతుంది, అసలు దోషి నిశ్చింతగా ఉంటాడు.

దీని వెల ఎంతో మన రాష్ట్రం ఎరుగును. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిద్‌లో బాంబు పేలిన తరువాత అనేకమంది ముస్లిం యువకులను పట్టుకుపోయారు. కస్టడీలో తమను హింసించారని వారు వాపోయారు. కేసులు పెట్టబడినవారు తరువాత న్యాయస్థానాలలో నిర్దోషులుగా తేలారు. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వారికి పరిహారం ఇవ్వాలని నిర్ణయించగా, 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఏ పరిహారమైనా పోయిన ఏళ్లను, ఆగిన చదువులను, తప్పిన పెళ్లి సంబంధాలను తిరిగి ఇవ్వగలదా? ఆ తల్లుల కన్నీళ్లు చూసిన సమాజం చెంపదెబ్బకు చప్పట్లు కొట్టడం విచారకరం.

ఈ మాట పోలీసులకు మాత్రమే చెందదు. మన ఇళ్లలోనూ చిన్న చిన్న విచారణలు జరుగుతూనే ఉంటాయి. బీరువాలోని ఐదు వందల నోటు కనిపించదు. ఎవరినీ అడగకముందే అందరి చూపూ పనిమనిషి వైపు, లేదా అల్లరివాడని పేరుపడిన కొడుకు వైపు వెళుతుంది. రెండు దెబ్బలు పడగానే పిల్లవాడు “నేనే తీశాను” అంటాడు. సాయంత్రం ఆ నోటు తండ్రి షేర్వానీ జేబులో దొరుకుతుంది. అందరూ నవ్వి ఊరుకుంటారు. నిజం చెప్పినప్పుడు నన్ను కొట్టారు, అబద్ధం చెప్పగానే విడిచిపెట్టారు అన్న పాఠం మాత్రం పిల్లవాని మనసులో నిలిచిపోతుంది. పనిమనిషి అయితే ఆ నిందను వాడలోని తక్కిన ఇళ్లకు కూడా మోసుకుపోవలసి వస్తుంది.

కనుక తల్లిదండ్రులారా! వస్తువు పోయినప్పుడు మొదట ఇల్లు వెదకండి, ఆ తరువాత మనిషిని అడగండి. అడిగేటప్పుడు ఒంటరిగా, మెల్లగా అడగండి. అనుమానం తప్పని తేలితే, నింద ఎంతమంది ముందు వేశారో అంతమంది ముందే క్షమాపణ కోరండి. పిల్లలతో కూర్చుని ఇటువంటి ధారావాహిక చూసినప్పుడు ఒక ప్రశ్న వేయండి: “దెబ్బ తిన్నవాడు ఆ నేరం చేయకపోయి ఉంటే, ఇప్పుడు దయా ఏమి చేయాలి?” చర్చ అక్కడినుండి వేరే దారి పడుతుంది.

అదే ‘సి.ఐ.డి.’లో డాక్టర్ సాలుంఖే అనే పాత్ర ఉన్నది. ఆయన ఎవరినీ కొట్టడు. ప్రయోగశాలలో నిలబడి రక్తపు మరకను, వేలిముద్రను, వెంట్రుకను ఓపికగా పరీక్షిస్తాడు. అనేక కథలలో చిక్కుముడి విడిపోవడం ఆయన బల్ల మీదనే మొదలవుతుంది. మన యువకులు వాదించుకునేటప్పుడు ఆయన ఓపికకు కూడా కాస్త చోటివ్వాలి.