ఆరోగ్యం లెక్కలు: ఎవరి ఖర్చు, ఎవరి ఖాతాలో?

నర్సులకీ, ఏఎన్ఎంలకీ, ఆశా కార్యకర్తలకీ ఆరోగ్య అర్థశాస్త్రం ఎందుకు అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. డిమాండు, సప్లయి అంటూ వాళ్లని బెదరగొట్టడం దేనికంటారు కొందరు. నేర్పాలనేవాళ్లు కూడా, ఉన్న డబ్బు పొదుపుగా వాడటం తెలుస్తుందనే నేర్పమంటారు. ఆ లెక్కల్లో ఈ స్త్రీల శ్రమ కూడా ఉందన్న సంగతి ఇద్దరూ మరచిపోతారు.

నేను సోషియాలజీ చదివినదాన్ని. అయినా ఒక శిక్షణా శిబిరంలో ఈ పాఠం చెప్పాల్సివచ్చింది. బోర్డు మీద ఖర్చుకో గడి, ఫలితానికో గడి గీశాను. పసిబిడ్డల్ని చూడటానికి ఆశాలు ఇళ్లకి వెళ్లే కార్యక్రమాన్ని ఉదాహరణగా తీసుకున్నాను. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో మొత్తం ఆరుసార్లు వెళ్లాలి. 2011లో ఆరింటికీ కలిపి నిర్ణయించిన ప్రోత్సాహకం 250 రూపాయలు. అంటే ఒక్కోసారికి 42 రూపాయలు కూడా పూర్తిగా రావు. "ఇంత తక్కువ ఖర్చుతో ఎంత మేలో చూడండి" అని ముగించబోతుంటే వెనక వరసలోంచి ఒకామె లేచి, "మేడమ్, నా ఆటో కిరాయి ఏ గడిలో రాయాలి?" అంది. పక్కనున్నామె అందుకుంది: "ఆ పూట పోయిన నా కూలో?"

ఒక పనికి సమయం పెట్టడంవల్ల వదులుకున్న ఇంకో పని విలువనే అవకాశ వ్యయం అంటారు. దానికోసం నేను రాసుకొచ్చిన పాఠాన్ని ఆ రెండు ప్రశ్నల్లో వాళ్లే చెప్పేశారు.

ఖర్చు అనగానే 'ఎవరికి?' అని అడగాలి. ప్రభుత్వం వైపునుంచి లెక్క కడితే ఒక జవాబు, కుటుంబం వైపునుంచి కడితే మరో జవాబు వస్తాయి. ఆపరేషనయిన మనిషిని రెండు రోజులు ముందే ఇంటికి పంపితే ఆస్పత్రికి ఖర్చు మిగులుతుంది. ఆ రెండు రోజుల చాకిరీ మాత్రం ఎక్కడికీ పోదు. కోడలి మీదో, బడి మానేసిన కూతురి మీదో పడుతుంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. ఈ సమయానికి సున్నా విలువ కట్టినంతకాలం ప్రతి పథకమూ చవగ్గానే కనిపిస్తుంది.

విలువ కట్టే సూత్రాలు ఆకాశంనుంచి ఊడిపడవు. జబ్బువల్ల, అకాల మరణంవల్ల పోయే ఆరోగ్యకరమైన ఏళ్లని కొలిచే 'డాలీ' అనే కొలమానాన్ని 1993లో ప్రపంచబ్యాంకు నివేదిక ప్రచారంలోకి తెచ్చింది. అందులో పాతికేళ్ల మనిషి బతికే ఏడాదికి ఎక్కువ విలువ, ముసలమ్మ బతికే ఏడాదికి తక్కువ విలువ. విమర్శల తర్వాత, 2010 ప్రపంచ వ్యాధిభార అధ్యయనంలో ఆ తేడా తీసేశారు. అడిగేవాళ్లుంటే సూత్రాలు కూడా మారతాయి.

2005లో ప్రభుత్వం ఆశాని స్వచ్ఛంద కార్యకర్త అంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలందరికీ అవార్డు ఇచ్చింది. అవార్డుతో ఆటో కిరాయి తీరదు. అందుకే ఈ పాఠం వాళ్ల దినచర్యనుంచి, వాళ్ల ఇంటి మందుల చీటీలనుంచి మొదలవ్వాలి. శిక్షణకి వచ్చిన రోజుకి కూలి కట్టివ్వాలి. లెక్కలు నేర్చుకున్న స్త్రీలు రేపు లెక్క అడుగుతారు. మన శిబిరాలు అందుకు సిద్ధంగా ఉన్నాయా?