బాలురకు భక్తికథలు

పురాణకథలు పిల్లలకు చెప్పవలెనా, మానవలెనా యని మనలో రెండు కక్షలేర్పడియున్నవి. పెద్దలు చెప్పినవన్నియు చెప్పవలసినదే, ఏరుటకు మనమెవరమని యొకరందురు. అన్నియు మూఢనమ్మకములే, ఒక్కటియు చెప్పరాదని మరియొకరందురు. బియ్యములో రాళ్లున్నవని వండుట మానినవాడును, రాళ్లతోనే వండి పెట్టినవాడును బిడ్డకు అన్నము పెట్టినవారు కారు. ఏరుట యను శ్రమకు ఇరువురును జంకుచున్నారు.

ఈ శ్రమ ఇంటివారిదే. కేవలము ప్రభుత్వధనముచే నడచు విద్యాలయములలో మతబోధ కూడదని మన రాజ్యాంగములోని 28వ అధికరణము శాసించుచున్నది. అది న్యాయమే. కావున భక్తికథల నెన్నుకొను బాధ్యత తల్లిదండ్రులపైనను, అమ్మమ్మ నాయనమ్మలపైనను పడినది.

సిరియాళుని కథ చూడుడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునను, శ్రీనాథుడు హరవిలాసమునను దీనిని చెప్పియున్నారు. అతిథిగా వచ్చిన శివుడు నరమాంసము కోరగా తల్లిదండ్రులు తమ బిడ్డనే కోసి వండిరి. తుదకు శివుడు బ్రతికించెను. పెద్దలిందు త్యాగమును చూతురు. ఆరేండ్ల పసివాడు తండ్రిపక్షమున కూర్చుండి వినడు. కోయబడు కొడుకుపక్షమున కూర్చుండి వినును. తుదకు బ్రతికెనను మాట చెవికెక్కక, మా అమ్మయు నన్నిట్లే చేయునా యను భయమే మిగులును. కావ్యముగా పెద్దలు చదువుకొందురుగాక. పసివాని పడకచెంత దానికి చోటులేదు.

ఇంతకంటె లోతైన హాని మరియొకటి కలదు. 2025 జూన్ 30న మన పటాన్‌చెరు మండలములోనే, పాశమైలారమున, ఔషధసామగ్రి తయారుచేయు కర్మాగారములో పేలుడు సంభవించి 40 మందికి పైగా మరణించిరి. బీహారు, ఒడిషా మొదలగు దూరప్రాంతములనుండి పొట్టచేతపట్టుకొని వచ్చినవారు అందు పలువురు. పూర్వజన్మపాపముచేతనే ఆపదలు వచ్చునను కథలు విని పెరిగిన బిడ్డ, తండ్రిని కోల్పోయిన తోడిపిల్లవానిని చూచి యేమనుకొనును? వాని తండ్రి పాపియనుకొనును. ఆ యనాథుడే విన్నచో తన తండ్రినే పాపియని తలచును. దుఃఖముపై నిందను కూడ మోపునది ధర్మకథ యెట్లగును? పైగా యంత్రమును గూర్చి, రక్షణనియమములను గూర్చి, యజమానుని బాధ్యతను గూర్చి యడుగవలసిన ప్రశ్న కర్మపేరిట చల్లారిపోవును.

అట్లయిన ప్రహ్లాదచరిత్రమును విడువవలెనా? అక్కరలేదు. లక్డారములోనైనను, లండనులోనైనను అది చెప్పదగినదే. చెప్పుతీరు మాత్రము మారవలెను. భక్తుని అగ్ని దహింపదని నొక్కిచెప్పినచో, కాలిపోయినవారు భక్తులు కారని పిల్లవాడు తలపోయును. తండ్రియైనను, రాజైనను, అన్యాయము పలికినపుడు ఒక బాలుడు బెదరక కాదనెనని చెప్పినచో, అదే కథ వానికి గుండెదిటవు నిచ్చును.

దయను నేర్పు కథలకు కొరతలేదు. నలువదియెనిమిది దినములు పస్తుండి, తుదకు దొరికిన నీటిని సైతము చండాలునికి ధారపోసిన రంతిదేవుని కథ భాగవతముననే యున్నది. పీరులపండుగనాడు పంచు షర్బతు వెనుక కర్బలాలోని దప్పిక కథ యున్నది. గాయపడి త్రోవలో పడియున్నవానిని స్వజనులు విడిచిపోగా పరాయివాడు ఆదుకొనిన కథ లూకా సువార్తలో నున్నది. వలసకార్మికుల నడుమ బ్రతుకు మనకు ఇవి మూడును పొరుగింటి కథలే.

ఏరుట మతద్రోహమని కొందరు కోపింతురు. అయ్యా, ఏరనివారెవరు? పురాణములలోని ప్రతికథను బిడ్డకు వినిపించిన తల్లి యెక్కడనైన కలదా? ప్రతి నాయనమ్మయు ఏరినదే. తెలియక చేయుచున్న దానిని తెలిసి చేయుమనుటయే నా వాదము.

కథ యెత్తుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఇది బిడ్డను దడిపించునా, ధైర్యపరచునా? కష్టములో నున్నవానిని నిందించునా, ఆదరించునా? వేరుమతపు పిల్లవాడు ప్రక్కన కూర్చున్నను సిగ్గుపడక చెప్పగలమా? ఈ మూటికిని నిలిచిన కథ యే మతముదైనను మనదే. నిలువనిది మన మతముదే యైనను, ఆ రాత్రికి దానిని అటకపై నుంచుటే మేలు.